కోవిల్పట్టిలో రాష్ట్రాల ఆట

తమిళనాడులోని మా కోవిల్పట్టి పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేవి రెండు: వేరుశనగ చిక్కీ, అగ్గిపెట్టెలు. ఇక్కడ కడలై మిఠాయి అనే ఆ చిక్కీకి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మూడోది హాకీ. ఈ సంగతి ఎక్కువగా తెలిసింది రైల్వే, బ్యాంకు, ఇండియన్ ఆయిల్ జట్ల ఆటగాళ్లకే. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత పోటీ కోసం మండుటెండల్లో వచ్చి ఆడి వెళ్లేది వాళ్లు.

రాష్ట్రానికీ రాష్ట్రానికీ హాకీ పోటీ పెట్టడం మన దేశంలో 1928లో కలకత్తాలో మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు జట్టును ఎంచాలి గనక పెట్టిన పోటీ అది. వచ్చినవి అయిదే జట్లు: యునైటెడ్ ప్రావిన్సెస్, బెంగాల్, పంజాబ్, రాజపుతానా, సెంట్రల్ ప్రావిన్సెస్. ధ్యాన్‌చంద్ ఆడిన యునైటెడ్ ప్రావిన్సెస్ గెలిచింది. మద్రాసు ప్రెసిడెన్సీ ఊసే లేదు. అలాంటి పోటీ తొంభై మూడేళ్ల తర్వాత, 2021 డిసెంబరులో, మా ఊరికి వచ్చింది: హాకీ ఇండియా జూనియర్ పురుషుల జాతీయ చాంపియన్‌షిప్. ఆరు నెలలు తిరక్కుండానే, 2022 మేలో మళ్లీ ఇక్కడే. జిల్లా కేంద్రం కూడా కాని ఊరికి ఇది చిన్న సంగతి కాదు.

మాది కరిసల్ సీమ, నల్లరేగడి. వాన పడితే కాలు పట్టుకుని వదలదు, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఆ నేల మీద హాకీ బంతి సూటిగా పోదు గాక పోదు. గరుసు తోలి చదును చేసిన బడి మైదానాల్లోనే మా ఆట పెరిగింది. ఇప్పుడు కృష్ణానగర్‌లో సింథటిక్ టర్ఫ్ ఉంది. దానికి కావలసింది నీళ్లు. తడపకపోతే బంతి ఎగిరిపడుతుంది, పడినవాడి మోకాలు చెక్కుకుపోతుంది. మా ఊరి తాగునీరేమో ఎక్కడో శీవలప్పేరి దగ్గర తామ్రపర్ణిలో తోడి, గొట్టాల్లో తెచ్చుకునేది. ఆట మొదలయ్యే ముందు టర్ఫ్ మీద నీళ్లు చిమ్ముతుంటే, కుళాయి కాడ బిందె పెట్టి కాచుకున్న మా ఇంటి ఆడవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఉసూరు న్యాయమైనదే. అయినా ఆ టర్ఫ్ లేకపోతే రాష్ట్రాల జట్లు ఈ దారి తొక్కేవి కావు.

మా ఇళ్లలో మాట తెలుగు, బళ్లో చదువు తమిళం. నాయుళ్లు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులు, ఒక్కొక్కరిది ఒక్కో తెలుగు. మా పక్క ఊరు ఇడైసేవల్‌కు చెందిన కి. రాజనారాయణన్, తెలుగువాళ్ల ఈ వలస కథను తమిళ నవలలుగా రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నారు. ఆంధ్రాకూ తమిళనాడుకూ ఆట పడితే మీరెటు అని హైదరాబాదు చుట్టాలు అడుగుతుంటారు. తమిళనాడే, రెండో మాట లేదు. మా పిల్లలు వేసుకునేది ఆ జెర్సీ. అయితే అవతలి కుర్రాడు మంచి గోలు కొడితే “బాగా కొట్టినాడురా!” అనే పెద్దాయన కూడా మా గ్యాలరీలోనే ఉంటాడు.

1952లో మద్రాసులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు ఈ చిక్కు లేదు. బెజవాడవాడైనా విరుదునగరంవాడైనా మద్రాసు రాష్ట్రమే. ఆ ఏడు ఏప్రిల్ దాకా ముఖ్యమంత్రి కూడా మా పొరుగు రాజపాళయం తెలుగాయన, పి.ఎస్. కుమారస్వామి రాజా. మరుసటేడు ఆంధ్ర విడిపోయింది. ఆ తర్వాత జిల్లాలూ చీలాయి. 1985లో రామనాథపురం నుంచి విరుదునగరం, 1986లో తిరునెల్వేలి నుంచి మా తూత్తుకుడి. యాభై కిలోమీటర్ల ఎడంలో ఉన్న కోవిల్పట్టి, విరుదునగరం జిల్లాల పోటీలో ఎదురెదురు నిలబడతాయి. పెళ్లి సంబంధాలు, మిరపకాయల బేరాలు మాత్రం ఉమ్మడే.

2022 మే నెల మాకు మరిచిపోలేనిది. ఇక్కడ జూనియర్ నేషనల్స్ నడుస్తుండగానే జకార్తాలో ఆసియా కప్ మొదలైంది. భారత జట్టులో మా ఊరి మారీశ్వరన్ శక్తివేల్, మా ఊరి హాకీ శిక్షణ కేంద్రంలోనే తయారైన అరియలూరు కుర్రాడు కార్తి సెల్వం ఉన్నారు. పాకిస్తాన్‌తో ఆట 1-1తో ముగిసింది. మన ఒక్క గోలు కార్తిది. జట్టు కాంస్యంతో తిరిగి వచ్చింది.

జాతీయ క్రీడల పతకాల పట్టిక చూసినప్పుడల్లా నాకు తోచేది వేరు. 2007, 2011, 2015, 2022ల్లో వరసగా మొదటి స్థానం ఏ రాష్ట్రానిదీ కాదు, సర్వీసెస్‌ది, అంటే సైనిక దళాలది. 2023లో గోవాలో మహారాష్ట్ర ఒక్కసారి దాన్ని దాటింది, 2025లో ఉత్తరాఖండ్‌లో మళ్లీ సర్వీసెసే. మా ఊళ్లో తల్లిదండ్రులు పిల్లవాడి చేతికి హాకీ కర్ర ఇచ్చేది పతకం కోసం కాదు, ఉద్యోగం కోసం. పట్టాళం, రైల్వే, పోలీసు, ఏదో ఒక కోటా. అగ్గిపెట్టెల పనిలో వేళ్లరిగిన ఇంట్లో అదే పెద్ద లెక్క. పట్టాళంలో ఉద్యోగం దొరికిన రోజునే జెర్సీ మారుతుంది. తర్వాత వాడు గెలిచినా తమిళనాడు ఖాతాలో పడదు. దీన్ని అన్యాయం అనేవాళ్లున్నారు, నేననను. జీతం ఇచ్చినవాడి జెర్సీ వేసుకోవడంలో తప్పేముంది?

నా ఫిర్యాదు వేరే. 2024 జనవరిలో ఖేలో ఇండియా యువ క్రీడలు తమిళనాడుకు వచ్చాయి. చెన్నై, కోయంబత్తూరు, తిరుచ్చి, మదురై, నాలుగు నగరాలు పంచుకున్నాయి. తమిళనాడు 38 స్వర్ణాలతో మహారాష్ట్ర తర్వాత రెండో స్థానంలో నిలిచింది. హాకీ పుట్టిల్లు లాంటి మా ఊరికి ఒక్క ఆటా రాలేదు. 2025లో జూనియర్ ప్రపంచ కప్ కూడా చెన్నై, మదురైలలోనే. మేం బస్సెక్కి విరుదునగరం మీదుగా మదురై పోవాలి.

1985లో కొత్త రూపం దిద్దుకున్నాక జాతీయ క్రీడలు ఢిల్లీ, కేరళ, ఇంఫాల్, హైదరాబాద్, గువాహటి, రాంచీ తిరిగాయి గానీ తమిళనాడుకు ఇంతవరకూ రాలేదు. వచ్చిన రోజున హాకీ మ్యాచ్‌లు కోవిల్పట్టికే ఇవ్వాలి. పెద్ద హోటళ్లు లేవంటారు. రెండు జూనియర్ నేషనల్స్‌కు వచ్చిన జట్లన్నీ ఎక్కడ తిన్నాయో, ఎక్కడ పడుకున్నాయో మా ఊరికి తెలుసు, మమ్మల్ని అడిగితే చెబుతాం.