పలుగు పారలతో పోయిన పటాలము

మొదటి ప్రపంచ యుద్ధమును గూర్చిన గ్రంథములలో సేనానుల పేర్లును, వారు గెలిచిన స్థలముల పేర్లును విరివిగా కానవచ్చును. ఆ సేనలు నడచిన బాటలను వేసినవారెవరో తెలుపు పుటలు మాత్రము స్వల్పము. అట్లు మరుగున పడినవారిలో అమెరికా సైన్యమునకు చెందిన 805వ పయనీరు పదాతి రెజిమెంటు ఒకటి. దాని చరిత్ర పనికిని గౌరవమునకును గల సంబంధమును మనకు చక్కగా బోధించును.

పయనీరు అనగా సేనకు ముందు నడచి త్రోవ చేయువాడు. తుపాకి పట్టుటయు, పలుగు పార పట్టుటయు రెండును నేర్చినవాడు. ఈ ఏర్పాటు మన దేశమునకు క్రొత్త కాదు. మద్రాసు సైన్యమునందలి పయనీరు పటాలములు 19వ శతాబ్దము నుండియే ఈ పని చేయుచుండెను; 1933లో అవి రద్దయ్యెను. 1914లో బ్రిటిషువారు తమ పయనీరు బెటాలియనులను నెలకొల్పినపుడు భారత సైన్యపు మాదిరినే అనుసరించిరి. 1917 ఏప్రిలులో యుద్ధమున ప్రవేశించిన అమెరికాయు పిమ్మట ఇట్టి రెజిమెంటులను ఏర్పరచుకొనెను.

అయితే ఆనాటి అమెరికా సైన్యములో వర్ణభేదము ప్రబలముగా ఉండెను. తెల్లవారి పటాలములు వేరు, నల్లజాతివారి పటాలములు వేరు. పయనీరు రెజిమెంటులలో 800 పైబడిన సంఖ్యలు గలవి నల్లజాతివారివి. యుద్ధకాలమున సుమారు 3,80,000 మంది నల్లజాతివారు సైన్యమున పనిచేసిరి. వారిలో దాదాపు 2,00,000 మంది ఐరోపాకు పోయిరి. పోరాడు దళములలో చోటు దొరికినది సుమారు 42,000 మందికి మాత్రమే. తక్కినవారు ఓడల సరకు దింపుటకు, కలప నరకుటకు, బాటలు వేయుటకు నియోగింపబడిరి.

805వ రెజిమెంటు 1918లో కాన్సాస్ రాష్ట్రమందలి ఫన్‌స్టన్ శిబిరమున రూపొందెను. సైనికులు నల్లజాతివారు, పై అధికారులు తెల్లవారు. ఆ సైనికులు తమకు ‘బేర్‌క్యాట్స్’ అను పేరు పెట్టుకొని, దానిని గర్వముతో చెప్పుకొనుచుండిరి. ఫ్రాన్సు చేరిన పిదప వారు మ్యూజ్-ఆర్గాన్ రంగమునకు పంపబడిరి.

ఆ రంగమున 1918 సెప్టెంబరు 26న ఆరంభమైన యుద్ధము నవంబరు 11 వరకు 47 దినములు సాగెను. సుమారు 12 లక్షల అమెరికా సైనికులు అందు పాల్గొనిరి. 26,000 మందికి పైగా మరణించిరి. అచ్చట శత్రువు ఎంత బలవంతుడో బురదయు అంత బలవంతమైనది. నాలుగేండ్లుగా కురిసిన ఫిరంగి గుండ్లచే నేల అంతయు గోతులమయమయ్యెను. ఉన్న బాటలు కొద్ది. మందుగుండు, ఆహారము ఏ బాటపై ముందుకు పోవలెనో, గాయపడినవారు ఆ బాటపైననే వెనుకకు రావలెను. బాట తెగినచో ఫిరంగి ఆగును. ఫిరంగి ఆగినచో ముందున్న పదాతి దిక్కులేనిదగును. కూలిన ఇండ్ల రాళ్ళను మోసి, గోతులు పూడ్చి ఆ బాటలను నిలిపినవారిలో పయనీరులును కలరు. శత్రువుల గుండ్లు వారి పార పనిని మన్నించి ప్రక్కకు తొలగలేదు.

నవంబరు 11న తుపాకులు మౌనము వహించినను పయనీరుల పని ముగియలేదు. ఇనుపముళ్ళ తీగలను చుట్టుట, కందకములు పూడ్చుట, విడిచిన ఆయుధములను, ప్రేలని గుండ్లను ఏరి కుప్పలు వేయుట వారి వంతయ్యెను. శాంతి వచ్చిన పిదపను మృత్యువుతో చెలగాటమాడవలసిన పని అది.

అంతకంటె కఠినమైన పని 1919 వసంతమున వారి సోదర రెజిమెంటులకు లభించెను. పొలములలో, అడవులలో చెదరియున్న మృతదేహములను వెలికితీసి, రొమాన్యు గ్రామమువద్ద తిరిగి ఖననము చేయవలెను. నల్లజాతి పయనీరులును, శ్రామిక దళములును ఆ పనిని నెరవేర్చిరి. 1919 మే 30న సర్వసేనాని పెర్షింగ్ ఆ శ్మశానమున మృతవీరులకు నివాళి అర్పించెను. నేడచ్చట 14,246 సమాధులు కలవు. వాని వరుసలలో తెలుపు నలుపుల భేదము లేదు.

మృతులకు లభించిన ఆ సమత్వము జీవించినవారికి లభింపలేదు. 1919 వేసవిలోనే వాషింగ్టను, చికాగో నగరములలో నల్లజాతివారిపై దాడులు జరిగెను. 1930 నుండి 1933 వరకు అమెరికా ప్రభుత్వము మృతవీరుల తల్లులను, భార్యలను తన ఖర్చుపై ఐరోపాలోని సమాధులను చూపుటకు పంపెను. నల్లజాతి తల్లులను మాత్రము వేరు ఓడలలో పంపెను. ఆ అవమానమునకు ఒప్పుకొనక కొందరు తల్లులు ప్రయాణమే మానుకొనిరి. తమ జాతివారు త్రవ్విన సమాధులలో తమ కుమారులు నిద్రించుచుండగా, వారిని చూడబోవు త్రోవలో కూడ ఆ తల్లులకు ఈ భేదము తప్పలేదు. సైన్యమున వర్ణభేదమును తొలగింప అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తరువు వెలువడుటకు 1948 జూలై 26 వరకు ఆగవలసివచ్చెను.

కచేరీలలో పనిచేయు మనకు ఈ చరిత్ర పరాయిది కాదు. ఉత్తరువుపై చేవ్రాలు చేసినవాని పేరు నిలుచును. కాగితములు కూర్చినవాని పేరు ఎవరికిని తెలియదు. కాని మనకు కలుగు మరపునకును, ఆ సైనికులకు జరిగిన అన్యాయమునకును గల అంతరమును విస్మరింపరాదు. మనది కేవలము మరుగు. వారిది పుట్టుకను బట్టి పని నిర్ణయించి, పిమ్మట ఆ పనిని బట్టియే గౌరవమును తగ్గించిన అన్యాయము. అట్టి అన్యాయము మన దేశమునకును తెలియనిది కాదు.

805వ రెజిమెంటు అధికారి పాల్ బ్లిస్ 1919లోనే ఆ రెజిమెంటు చరిత్రను గ్రంథముగా వెలువరించెను. ఫ్రాన్సునకు పోవు మన మిత్రులెవరైన రొమాన్యు దర్శించినచో, ఆ తెల్లని శిలల వరుసలను చూచి చేతులు జోడింపక మానరు. ఆ వరుసలను తీర్చిన చేతులను కూడ ఆ క్షణమున తలచుకొందురు గాక.