ఖాజీగారి దఫ్తరు నుంచి హైకోర్టు దాకా



ఉర్దూ పంతులునైనందువల్ల మొహల్లాలో ఏ ఉర్దూ కాగితం వచ్చినా చదివి చెప్పమని నా దగ్గరికే తెస్తారు. అలాగే ఒకసారి నా విద్యార్థిని తల్లి ఒక మడత కాగితం తెచ్చింది. అది తలాఖ్ కాగితం. అందులో మెహర్ ఊసు లేదు, పిల్లల ఖర్చు మాట లేదు. "ఇదే ఆఖరి ఫైసలా, ఇంకెక్కడికీ వెళ్ళకూడదన్నారు మాస్టారూ" అంది. అప్పటికే నాలుగేళ్ళు గడిచిపోయాయి. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి.

ఒకప్పుడు ఖాజీగారికి కోర్టులోనే స్థానం ఉండేది. 1802లో కుంపిణీవారు మద్రాసు రాజధానిలో జిల్లా అదాలతులు పెట్టినప్పుడు, పెళ్ళి, వారసత్వం వంటి తగవుల్లో ముస్లిములకు షరీయతు, హిందువులకు వారి ధర్మశాస్త్రం ప్రకారం తీర్పు చెప్పాలని శాసించారు. షరీయతు సంగతి జడ్జీకి చెప్పడానికి ముస్లిం న్యాయాధికారులను నియమించారు. మన గోదావరి ప్రాంతం అప్పీళ్ళు మచిలీపట్నం ప్రొవిన్షియల్ కోర్టుకు, ఆపైన మద్రాసు సదర్ అదాలతుకు పోయేవి.

1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. 1864 చట్టంతో ఆ న్యాయాధికారుల పదవులు రద్దయ్యాయి. నికాహ్ వ్యవహారాలకు ఖాజీ లేకపోతే ఎలాగని ముస్లిములు కోరగా 1880లో ఖాజీల చట్టం చేశారు. అది మొట్టమొదట వర్తించింది మన మద్రాసు రాజధానికే. అయితే ఖాజీకి న్యాయవిచారణ అధికారం ఏమీ లేదని అందులోనే స్పష్టంగా రాశారు. అంటే దఫ్తరు తిరిగి వచ్చింది గాని, తీర్పు చెప్పే అధికారం రాలేదన్నమాట!

ఆ తరువాత తీర్పు కావలసినవారు సివిల్ కోర్టుకే పోవలసి వచ్చింది. మున్సిఫ్ కోర్టులో ఓడిపోతే గోదావరి దాటి రాజమండ్రి, అక్కడా ఓడిపోతే మద్రాసు. 1954లో హైకోర్టు గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019 జనవరి 1 నుంచి అమరావతికి మారింది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఇప్పుడు కోర్టులున్నాయి. మున్సిఫ్‌గారిని జూనియర్ సివిల్ జడ్జి అంటున్నారు.

1937 షరీయతు చట్టం మనకు వర్తించే ధర్మాన్ని స్థిరపరచింది. 1939 చట్టం భార్యకు కోర్టు ద్వారా విడాకులు కోరే హక్కునిచ్చింది. భర్త నాలుగేళ్ళు ఆచూకీ లేకపోయినా, రెండేళ్ళు పోషించకపోయినా ఆమె దావా వేయవచ్చు.

మనోవర్తి దారి వేరు. దానికి ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడికి, లేనిచోట మేజిస్ట్రేటు వద్దకు పోవాలి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ విడాకులైన భార్యకూ ఈ హక్కు ఇచ్చింది. 1985లో షాబానో తీర్పు, 1986లో కొత్త చట్టం వచ్చాయి. 1990లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి భర్త బాధ్యత ఇద్దత్ వరకేనన్నది. 2001లో సుప్రీంకోర్టు, ఇద్దత్ లోపలే ఆమె భవిష్యత్తుకంతటికీ ఏర్పాటు చేయాలని తేల్చింది. 2024 జూలై 10న మరో తీర్పు వచ్చింది. ఆ కేసు తెలంగాణది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి ఇవ్వమంది, హైకోర్టు 10,000కు తగ్గించింది, భర్త సుప్రీంకోర్టుకు పోయినా అప్పీలు నిలవలేదు. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద మనోవర్తి అడగవచ్చని తేలింది.

చూడండి, ఒక మెట్టు మీద పోయింది మరో మెట్టు మీద దొరకవచ్చు. కాని మెట్టు మెట్టుకీ గడువుంటుంది. సివిల్ కోర్టు డిక్రీ మీద జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో వేయాలి. ఆపైన హైకోర్టులో రెండో అప్పీలు చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటేనే. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీదయితే 30 రోజుల్లో నేరుగా హైకోర్టుకే. మనోవర్తి ఉత్తర్వు మీద మాత్రం అప్పీలు కాదు, రివిజన్ వేసుకోవాలి.

నేను పెద్దల రాజీని కాదనడం లేదు. ఇరువైపులా ఒక్కొక్క మధ్యవర్తిని పెట్టమని ఖురాన్ షరీఫే చెబుతోంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా ముందు రాజీకి ప్రయత్నించమంటోంది. రాజీ కుదిరితే అంతకన్న మేలు లేదు. కాని రాజీ కాగితాన్ని ఆఖరి తీర్పని చెప్పి ఆడకూతురి నోరు మూయించడం షరీయతూ కాదు, చట్టమూ కాదు.

ఆ తల్లి చివరకు మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళింది. పిల్లలకు మనోవర్తి వచ్చింది. అంతకు ముందు పోయిన నాలుగేళ్ళకు మాత్రం లెక్క కట్టినవారు లేరు.

కనుక నికాహ్‌నామాలో మెహర్ ఎంతో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. దాని నకలు అమ్మాయి పుట్టింట భద్రపరచండి. కోర్టు ఉత్తర్వు వస్తే వెంటనే నకలుకు దరఖాస్తు పెట్టి, తేదీ చూసుకోండి. వకీలు ఫీజుకు భయపడవద్దు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. మన ఇళ్ళలో ఎవరికీ ఈ అవసరం రాకూడదని, వస్తే దారి తెలియక ఎవరూ ఆగిపోకూడదని అల్లాహ్‌ను వేడుకుంటున్నాను. ఆమీన్.