స్కిన్ టైటెనింగ్: సర్జరీ లేకుండా ముఖం, మెడ బిగుతవుతాయా? మార్కాపురం, గిద్దలూరు వాళ్లు డబ్బు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో ఒకటి వచ్చి పడుతుంది. ఎడమ వైపు జారిన బుగ్గలు, కుడి వైపు గీత గీసినట్టున్న దవడ. కింద ‘నో సర్జరీ, నో పెయిన్, ఒక్క సిట్టింగ్ చాలు’ అని రాసి ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు క్లినిక్‌ల యాడ్స్ ఇప్పుడు కంభంలో కూర్చున్నా, యర్రగొండపాలెంలో కూర్చున్నా ఒకేలా కనిపిస్తున్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఇవి పనిచేస్తాయా? పనిచేస్తాయి. అయితే అందరికీ కాదు, యాడ్‌లో చూపించినంతా కాదు. ఎవరికి, ఎంతవరకు అన్నది తెలియక వేలకు వేలు పోగొట్టుకునేవాళ్లు, ముఖం కాల్చుకునేవాళ్లు ఉన్నారు.

అసలు చర్మం ఎందుకు జారుతుంది?

చర్మం లోపల కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పందిరికి గుంజల్లా ఇదే చర్మాన్ని నిలబెడుతుంది. సాగదీస్తే మళ్లీ వెనక్కి వచ్చే గుణం ఎలాస్టిన్‌ది. ఇరవైల వయసు దాటాక కొల్లాజెన్ ఏటా దాదాపు 1 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక ఇది ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ 30 శాతం వరకు పోతుందని వైద్యులు చెబుతారు. నలభై ఎనిమిది, యాభై ఏళ్లకు ‘ఉన్నట్టుండి ముసలిదాన్నయిపోయాను’ అనిపించడానికి కారణం ఇదే.

దీనికి తోడు ఎండ. వేసవిలో 44, 45 డిగ్రీలు చూసే ప్రాంతం మనది. మార్కాపురం పలకల పనికి పోయేవాళ్లు, కంది, మిరప చేలల్లో ఉండేవాళ్లు, బైక్ మీద ఊరూరూ తిరిగి వ్యాపారం చేసుకునేవాళ్లు రోజూ గంటల తరబడి ఎండలోనే ఉంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కొల్లాజెన్‌ను విరగ్గొడతాయి. అనుమానం ఉంటే మీ మెడ చర్మాన్ని, రవిక కింద లేదా చొక్కా లోపల దాగి ఉండే చర్మాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండింటి వయసూ ఒకటే. తేడా ఎండది.

బీడీ, సిగరెట్ కూడా కొల్లాజెన్‌కు శత్రువులే. తక్కువ టైమ్‌లో బాగా బరువు తగ్గినా బుగ్గలు, మెడ వదులవుతాయి.

మన దగ్గర చాలామంది అడిగే మాట ఇంకోటి ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగడం వల్ల ముఖం ఇలా అయిందా అని. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఫ్లోరైడ్ సమస్య ఎంతుందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ ఫ్లోరైడ్ దెబ్బ ప్రధానంగా పళ్ల మీద, ఎముకల మీద పడుతుంది. చర్మం జారడానికి అది కారణం కాదు. అయితే ఏ కారణంతోనైనా పళ్లు పోతే దవడ ఎముక అరిగిపోతుంది, బుగ్గలు లోపలికి పోతాయి, మూతి చుట్టూ ముడతలు పడతాయి. ఇలాంటి ముఖానికి స్కిన్ టైటెనింగ్ చేయించడం దండగ. పళ్ల డాక్టర్ దగ్గర కట్టుడు పళ్లు పెట్టించుకుంటే అంతకంటే చక్కగా ముఖం నిండుతుంది.

హైఫు, ఆర్ఎఫ్.. మెషిన్ ఏం చేస్తుంది?

పేర్లు ఎన్ని ఉన్నా సూత్రం ఒకటే. పై చర్మం కాలకుండా లోపలి పొరను వేడి చేయాలి. ఆ వేడికి పాత కొల్లాజెన్ ముడుచుకుంటుంది. శరీరం దాన్ని గాయంగా భావించి, మానిపించే పనిలో కొత్త కొల్లాజెన్ తయారు చేసుకుంటుంది. అంటే బిగువు తెచ్చేది మెషిన్ కాదు, మీ శరీరమే. అందుకే ఫలితం ఆ రోజే రాదు. రెండు మూడు నెలలకు కనిపించడం మొదలై ఆరు నెలల దాకా పెరుగుతుంది. ‘సాయంత్రం ఫంక్షన్, పొద్దున సిట్టింగ్’ అంటే నమ్మొద్దు. ఆ సాయంత్రం కనిపించే బిగువులో ఎక్కువ భాగం వాపే.

హైఫు అంటే అల్ట్రాసౌండ్ తరంగాలను ఒకే బిందువు మీదకు కేంద్రీకరించడం. భూతద్దంతో ఎండను ఒక చోటికి తెచ్చి కాగితం కాల్చే ఆట చిన్నప్పుడు ఆడే ఉంటారు, అలాంటిదే. స్కానింగ్‌లో వాడే తరంగాలే ఇవి కూడా, కానీ ఇక్కడ బలం ఎక్కువ. చర్మం పైనుంచి 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతుల్లో చిన్న చిన్న చుక్కల్లా 60 నుంచి 70 డిగ్రీల వేడి పుడుతుంది. 4.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండే గట్టి పొరనే ఫేస్‌లిఫ్ట్ సర్జరీలో డాక్టర్లు లాగి కుడతారు. ఈ పద్ధతిలో బాగా తెలిసిన మెషిన్ అల్థెరా. కనుబొమ్మలు పైకి లేపడానికి 2009లో, గడ్డం కింద, మెడ మీద వాడటానికి 2012లో అమెరికా ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. నొప్పి ఉండదన్న మాట మాత్రం నిజం కాదు. దవడ ఎముక మీద వాడేటప్పుడు జివ్వుమంటుంది.

ఆర్ఎఫ్ అంటే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు. ఇది చుక్కల్లా కాకుండా పొర మొత్తాన్ని వేడి చేస్తుంది. థర్మేజ్ అనే మెషిన్‌కు 2002లో కళ్ల చుట్టూ ముడతల కోసం అనుమతి వచ్చింది. దీన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నారు. మన చామనచాయ, నలుపు చర్మాలకు ఆర్ఎఫ్, హైఫు రెండింటిలోనూ ఒక లాభం ఉంది. లేజర్లలో చాలావాటికి రంగుతో పేచీ. చర్మంలోని నల్ల రంగు ఆ కాంతిని పీల్చుకుంటుంది, తర్వాత మచ్చలు పడతాయి. ఆర్ఎఫ్, హైఫులకు చర్మం రంగుతో పని లేదు.

ఆర్ఎఫ్ చేసేటప్పుడు ఒంటి మీద లోహం ఉండకూడదు. తాళి, గొలుసు, కమ్మలు తీయమంటారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే పసుపు తాడుకు మార్చుకుని వెళ్తే అక్కడ ఇబ్బంది ఉండదు.

సన్నటి సూదులు గుచ్చి వాటి కొసల నుంచి ఆర్ఎఫ్ వదిలే పద్ధతి మైక్రోనీడ్లింగ్ ఆర్ఎఫ్. ముడతలకు, మొటిమల గుంటలకు ఈ మధ్య బాగా అమ్ముడుపోతోంది. దీని మీదే 2025 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగి గుంటలు పడటం, నరాలు దెబ్బతినడం లాంటి ఫిర్యాదులు వచ్చాయని, ఇది ఇంట్లో చేసుకునేది కాదని చెప్పింది. ఆన్‌లైన్‌లో ఇలాంటి మెషిన్లు కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

దారాలతో చేసే థ్రెడ్ లిఫ్ట్ కూడా ఉంది. కరిగిపోయే దారాన్ని చర్మం కిందకు ఎక్కించి లాగుతారు. లిఫ్ట్ వెంటనే కనిపిస్తుంది, కానీ నెలల్లోనే తగ్గిపోతుంది. బొటాక్స్ అసలు టైటెనింగే కాదు. అది కండరాన్ని సడలించే ఇంజెక్షన్. మెడ మీద తాళ్లలా లేచే కండరాలకు పనికొస్తుంది, అంతే.

ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి పనిచేయదు?

ముప్పై అయిదు నుంచి యాభై అయిదు మధ్య వయసు, కొంచెం వదులైన దవడ, గడ్డం కింద కాస్త సంచి.. ఇలాంటివాళ్లకు ఫలితం బాగుంటుంది. ఫలితం ఏడాది, ఏడాదిన్నర ఉంటుంది. తర్వాత మళ్లీ డబ్బు కట్టాల్సిందే. మెడ చర్మం మడతలు పడి వేలాడుతుంటే మెషిన్లతో లాభం లేదు. అది ప్లాస్టిక్ సర్జన్ చేయాల్సిన పని.

మన వైపు వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఎండలో కష్టం చేసి ఒళ్లు బక్కచిక్కినవాళ్ల ముఖంలో కొవ్వు ముందే తక్కువ. అలాంటి బుగ్గల మీద హైఫు లోతుగా వాడితే ఉన్న కాస్త కొవ్వూ కరిగి ముఖం ఇంకా పీక్కుపోతుంది. బొద్దుగా ఉన్న మోడల్‌కు వచ్చిన రిజల్ట్ చూసి సన్నటి మనిషి డబ్బు కట్టడం అంటే ఎదురు డబ్బిచ్చి వయసు పెంచుకోవడమే.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ముఖం మీద చీము మొటిమలు లేదా సర్పి ఉన్నవాళ్లు చేయించుకోకూడదు. గాయం మానాక ఎత్తుగా గడ్డ కట్టే తత్వం, అంటే కీలాయిడ్ ఉంటే సూదులు గుచ్చేవాటి జోలికి పోవద్దు. రక్తం పల్చబడే మాత్రలు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఇది చర్మం జారడం కాకపోవచ్చు

ముఖం ఒక పక్కే జారితే, మూతి వంకర పోతే, ఒక కన్ను మూతపడకపోతే క్లినిక్‌కి కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు. మెడ ముందు భాగం ఉబ్బితే థైరాయిడ్ చూపించుకోవాలి. మెడ చుట్టూ నల్లగా, మందంగా, ముఖమల్‌లా తయారైతే చాలామంది మురికి అని రుద్దుతుంటారు. అది షుగర్ రాబోతోందని శరీరం చెప్పే గుర్తు కావచ్చు. ముందు షుగర్ టెస్ట్ చేయించండి.

పార్లర్‌లో చేయించుకోవచ్చా?

వద్దు. ఫేషియల్, థ్రెడింగ్ వేరు, ఇది వేరు. దవడ అంచు వెంట మూతిని కదిలించే నరం వెళ్తుంది. దాని మీద వేడి పడితే నవ్వు ఒక పక్కకు పోతుంది. చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కానీ ఆ వారాలు నరకమే. ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆపాలో తెలియాలంటే ముఖం లోపలి నిర్మాణం చదివి ఉండాలి.

అందం కోసం చేసే సర్జరీలు, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఎవరు చేయాలన్న దాని మీద నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాప్‌లో చూసో, యూట్యూబ్ చూసో నేర్చుకుంటే అది శిక్షణ కిందకు రాదని అందులో స్పష్టంగా చెప్పింది. మనం వెతకాల్సింది ఎండీ లేదా డీఎన్‌బీ డెర్మటాలజీ, డీడీవీఎల్, లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్. ‘కాస్మెటాలజిస్ట్’ అని బోర్డు ఉన్నంత మాత్రాన ఆయన చర్మ వైద్యుడు అనుకోవద్దు. డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి ఏపీ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ప్రైవేటు ఆసుపత్రి, క్లినిక్ ఏదైనా 2002 నాటి ఏపీ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి.

అంతకంటే ముందు ఒక సలహా. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అదే మన రిమ్స్‌లో, చర్మ విభాగం ఓపీకి వెళ్లి ఒక్కసారి చూపించుకోండి. మార్కాపురం నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లకు నంద్యాల దగ్గర, రైలెక్కితే గుంటూరు కూడా ఉంది. మెషిన్ అమ్ముకునే అవసరం లేని డాక్టర్ చెప్పే మాటకు విలువ ఎక్కువ.

ఖర్చు వేలల్లో మొదలై పెద్ద బ్రాండ్ మెషిన్లకు లక్ష దాటుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో రాదు, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఇవ్వదు. చెప్పిన రేటులో జీఎస్టీ ఉందా, ఎన్ని సిట్టింగ్‌లు, వాడే మెషిన్ కంపెనీ ఏది.. ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఈఎంఐ మీద ముఖం బిగించుకోవడం ఎంతవరకు అవసరమో ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి.

బిఫోర్, ఆఫ్టర్ ఫొటోల సంగతి కూడా చూద్దాం. ఇప్పుడే ఒక సెల్ఫీ తల దించి, పైనుంచి లైటు పడేలా తీసుకోండి. ఇంకోటి కిటికీ వైపు తిరిగి, గడ్డం కొంచెం ముందుకు పెట్టి తీసుకోండి. రూపాయి ఖర్చు లేకుండా ఐదేళ్లు తగ్గుతాయి!

మెడికల్ షాపు క్రీములతో జాగ్రత్త

తెల్లబడతాం, నునుపవుతాం అని బెటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్లు కలిసిన క్రీములు ముఖానికి రాసుకునే అలవాటు ఊళ్లలో చాలా ఉంది. మొదటి నెల ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పల్చబడి, నరాలు బయటపడి, ఎండ తగిలితే మండుతుంది. ఉన్న కొల్లాజెన్ కూడా పోతుంది. చర్మానికి రాసే ఇలాంటి స్టెరాయిడ్లను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి మంట పుడుతుంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇలాంటి చర్మం మీద ఏ మెషిన్ పెట్టినా కాలే ప్రమాదం ఎక్కువ. అడగకపోయినా మీరే చెప్పండి.

పనిచేసే క్రీము ఉందా అంటే ఉంది. రాత్రి పూట రాసే ట్రెటినోయిన్. డాక్టర్ రాసిస్తేనే వాడాలి, గర్భిణులు అస్సలు వాడకూడదు. మెషిన్ ఖర్చుతో పోలిస్తే చాలా చవక, కాకపోతే నెలల ఓపిక కావాలి. పగలు ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోవాలి. రెండు వేళ్ల మీద గీత పొడవునా తీసుకుంటే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చేలో చెమటకు అది నిలవదు. అక్కడ తలపాగా, మెడ దాకా కప్పుకున్న తువ్వాలే మేలు. మెడను వదిలేసి ముఖానికే రాసుకునేవాళ్లు ఎక్కువ, ముందు వయసు కనిపించేదేమో మెడలోనే.

చేయించుకున్నాక ఒకటి రెండు రోజులు ఎరుపు, వాపు, కొన్ని వారాలు తాకితే నొప్పి, తిమ్మిరి మామూలే. బొబ్బలు వచ్చినా, చర్మం తెల్లబడినా, మూతి వంకర పోయినా ఆగొద్దు. చల్లటి నీళ్లు పోసుకుని, ఐస్ గానీ పేస్ట్ గానీ పెట్టకుండా, అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లండి. రోజూ ఫొటోలు తీసి పెట్టుకోండి, బిల్లు దాచుకోండి. క్లినిక్ పట్టించుకోకపోతే డాక్టర్ మీద ఏపీ మెడికల్ కౌన్సిల్‌కు, క్లినిక్ మీద జిల్లా వైద్యారోగ్య శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.