బరువే బలమైన బండి

1969లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమెరికా మార్కెట్లోకి ఒక పెరటి ట్రాక్టరును వదిలింది. పేరు ఎలెక్-ట్రాక్. పైకి చూస్తే అక్కడి ఇళ్ల చుట్టూ గడ్డి కోసే మామూలు బుల్లి ట్రాక్టరే. బానెట్ ఎత్తితే మాత్రం ఇంజిను లేదు, పెట్రోలు ట్యాంకు లేదు, సైలెన్సరు అసలే లేదు. వరసగా పేర్చిన బ్యాటరీలున్నాయి. ఇది తయారైంది న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో. 1886లో ఎడిసన్ తన యంత్రాల కార్ఖానాను తరలించిన పట్టణం అదే. ఆ ఊళ్లో కరెంటుతో నడవని బండి కనిపిస్తేనే వింత అనుకోవాలి.

ఇంతకీ ఇలాంటి బండి అవసరం ఎందుకొచ్చింది? న్యూజెర్సీలోనో డాలస్ శివార్లలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లను అడగండి. వాకిట్లో పచ్చిక మోకాలెత్తు పెరిగితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. స్థలం ఎకరం దాటితే తోసుకుంటూ కోసే యంత్రం చాలదు, ఎక్కి కూర్చుని నడిపేది కావాలి. ఇలాంటి కోత యంత్రాలకు ఇంజిన్లు అందించిన వాళ్లలో మిల్వాకీకి చెందిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ పెద్ద పేరు. 1953లో ఆ కంపెనీ తెచ్చిన తేలికపాటి అల్యూమినియం ఇంజిను గడ్డి కోతను చవక చేసింది. అయితే ఆ ఇంజిన్లకు ఒక జబ్బుంది. ఎండాకాలమంతా వారానికోసారి పనిచేసి, చలికాలమంతా షెడ్డులో మూలుగుతాయి. ఆ నెలల్లో నిలవ పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్లో పేరుకుంటుంది. వసంతంలో తాళం తిప్పితే బండి దగ్గుతుందే తప్ప లేవదు. పెట్రోలు బండిని కరెంటుకు మార్చుకున్న చాలామందికి పర్యావరణం కన్నా ముందు పుట్టింది ఈ విసుగే అని నా నమ్మకం.

జనరల్ ఎలక్ట్రిక్ ఎలెక్-ట్రాక్ కన్నా రెండేళ్ల ముందే, 1967లో, డెల్టా అనే కరెంటు కారును ప్రయోగాత్మకంగా తయారు చేసింది. అప్పటి చాలా కరెంటు కార్లను కుంగదీసిన పెద్ద సమస్య సీసం బ్యాటరీల బరువు. కారు ఆ బరువును మోసుకుంటూ పరిగెత్తాలి, ఎక్కడో దూరాన ఛార్జింగు వెతుక్కోవాలి. బ్రూస్ లామైస్టర్ అనే ఇంజినీరు నాయకత్వంలో రూపుదిద్దుకున్న ట్రాక్టరుకు ఈ రెండు బాధలూ లేవు. అది ఇంటి నుంచి పిలిస్తే వినపడేంత దూరం దాటి వెళ్లదు, ప్లగ్గు గ్యారేజీలోనే ఉంటుంది. ఇక బరువంటారా, ట్రాక్టరుకు కావలసిందే అది. పెట్రోలు ట్రాక్టరు వాళ్లు చక్రాలు జారకుండా డబ్బిచ్చి మరీ ఇనుప దిమ్మలు కొని వెనక చక్రాలకు బిగించుకుంటారు. ఎలెక్-ట్రాక్‌లో గోల్ఫ్ బండ్లకు వాడే 6 వోల్టుల బ్యాటరీలు ఆరు కలిసి 36 వోల్టులిచ్చేవి. ఒక్కోటి బియ్యం బస్తా అంత బరువు. మంచు తోసేటప్పుడు, ముందు తొట్టితో మట్టి ఎత్తేటప్పుడు ఆ బస్తాలే చక్రాలను నేలకు అదిమి పట్టేవి. కారుకు శాపమైనది ఇక్కడ వరమైంది.

డిజైనులో ఇంకో తెలివి ఉంది. మామూలు బండిలో ఒకే ఇంజిను బెల్టుల మీద అన్ని బ్లేడులనూ తిప్పుతుంది. బెల్టు జారినా తెగినా పని ఆగిపోతుంది. ఎలెక్-ట్రాక్‌లో ఒక్కో బ్లేడుకు ఒక్కో మోటారు, బెల్టుల బెడద లేదు. పైగా బండి మీదే కరెంటు తీసుకునే సాకెట్టు. కంచె కత్తిరించే యంత్రం, చెట్లు కోసే రంపం, చివరికి వెల్డింగు సామగ్రి కూడా దానికి తగిలించుకోవచ్చు.

ఇంత చేసినా వ్యాపారం నిలవలేదు. ధర పెట్రోలు బండి కన్నా ఎక్కువ. కొన్నాళ్లకు ఈ శ్రేణి వీల్ హార్స్ అనే ట్రాక్టర్ల కంపెనీ చేతికి వెళ్లింది, 1975 నాటికి తయారీ దాదాపు ఆగిపోయింది. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చి బంకుల ముందు జనం బారులు తీరినా ఈ బండి గట్టెక్కలేదు. కాలం కలిసిరాలేదనడం తేలిక. నాకైతే దుకాణాల పాత్ర కూడా కనిపిస్తుంది. ప్లగ్గులు, ఫిల్టర్లు, ఆయిలు మార్పులతో బతికే మెకానిక్కు, అవేవీ అక్కర్లేని బండిని ఎందుకు పొగుడుతాడు?

కంపెనీ వదిలేసిన ఆలోచనను ఇళ్ల షెడ్డుల్లో జనం పట్టుకున్నారు. వాళ్లకు దొరికిన పెద్ద సాయం ఇంగ్లండు నుంచి వచ్చింది. సెడ్రిక్ లించ్ అనే ఆయన చిన్నతనంలోనే బడి మానేసి, తనంతట తాను విద్య నేర్చుకున్న మనిషి. 1979 ప్రాంతంలో బ్యాటరీ బండ్ల పోటీ కోసం, ఖాళీ డబ్బాల రేకులు కత్తిరించి మోటారు కట్టాడు. పళ్లెంలా పలచగా ఉండే ఆ మోటారుకు బరువు తక్కువ, బలం ఎక్కువ. దాని వంశంలోదే ఎటెక్ అనే మోటారు. దాన్ని తయారు చేసింది ఎవరనుకున్నారు? గడ్డి కోత ఇంజిన్ల బ్రిగ్స్ అండ్ స్ట్రాటనే! వాళ్ల పెట్రోలు ఇంజిను పీకేసిన చోటే వాళ్ల కరెంటు మోటారు కూర్చుంది. లించ్ తర్వాత మన గుజరాత్‌లోని అగ్ని మోటార్స్‌తో కలిసి పనిచేశాడు. 2009లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగిన కరెంటు బైకుల పోటీలో గెలిచింది ఆ అగ్ని బృందమే.

మార్పిడి పని అనుకున్నంత కష్టం కాదు. ఈ బండ్లలో చాలావాటికి ఇంజిను షాఫ్టు కిందికి నిలువుగా దిగి, రెండు పుల్లీలను తిప్పుతుంది: ఒకటి చక్రాలకు, ఒకటి బ్లేడులకు. ఇంజిను విప్పితే చట్రంలో ఒక రంధ్రం మిగులుతుంది. దాని మీద మందపాటి ఇనుప పలక బిగించి, మోటారును తలకిందులుగా నిలిపి, అవే పుల్లీలు ఎక్కిస్తే పాత బెల్టులే పనిచేస్తాయి. ఇక కావలసినవి 48 వోల్టుల బ్యాటరీ, వేగాన్ని అదుపు చేసే కంట్రోలరు, బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు. 48 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లంటే చేతిలో 4.8 యూనిట్ల కరెంటు ఉన్నట్టు. దాన్ని ఎక్కువగా తాగేది చక్రాలు కాదు, బ్లేడులు. అందుకే తడి గడ్డి కోసినా, మొద్దుబారిన బ్లేడుతో కోసినా ఛార్జి ఇట్టే దిగిపోతుంది.

ఇప్పుడు చాలామంది సీసం బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వాడుతున్నారు. ఆ రసాయనం గురించి టెక్సస్ విశ్వవిద్యాలయంలోని గుడెనఫ్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాల నుంచి 1997లో వచ్చిన పరిశోధన పత్రంలో ఆయనతోపాటు పాఢి, నంజుండస్వామి అనే రెండు భారతీయ పేర్లున్నాయి. బరువు సగానికి పైగా తగ్గింది. తమాషా ఏమిటంటే, మంచు తోసే వాళ్లు ఆ తగ్గిన బరువును మళ్లీ ఇనుప దిమ్మలతో పూడ్చుకోవాలి. లామైస్టర్ బండికి ఆ దిమ్మలు ఉచితంగా వచ్చాయి.

ఈ మార్పుకు చట్టం కూడా తోడైంది. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2024 నుంచి కొత్తగా తయారయ్యే గడ్డి కోత యంత్రాల్లాంటి వాటి చిన్న ఇంజిన్లు పొగ వదలకూడదంది. వ్యాపారానికి వాడే పెట్రోలు కోత యంత్రం గంటసేపు నడిస్తే వచ్చే, స్మాగ్ పుట్టించే కాలుష్యం, కారు 300 మైళ్లు వెళ్తే వచ్చేదానితో సమానమని ఆ రాష్ట్ర గాలి నాణ్యత మండలి లెక్క. పెద్ద కంపెనీలు ఇప్పుడు అమ్ముతున్న బ్యాటరీ కోత బండ్లలో ఒక్కో బ్లేడుకు ఒక్కో మోటారు కనిపిస్తే, అది యాభై ఏళ్ల నాటి ఎలెక్-ట్రాక్ సంగతే.

మీ షెడ్డులో ఇంజిను చచ్చిపోయిన బండి ఉంటే, పాత ఇనుముకు వేసే ముందు చట్రం, స్టీరింగు, గేరుబాక్సు ఎలా ఉన్నాయో చూడండి. సాధారణంగా ముందు పోయేది ఇంజినే. మార్చుకుంటే మాత్రం సీటు కింది స్విచ్చిని పొరపాటున కూడా తీసేయకండి. మనిషి సీటు మీంచి లేవగానే బ్లేడులను ఆపేది అదే. ఇంజిను హోరు ఉన్నప్పుడు ప్రమాదం చెవికి తెలుస్తుంది. చప్పుడు లేని కరెంటు బండి ఊరకే నిలబడి ఉందో, తిరగడానికి సిద్ధంగా ఉందో పక్కనున్న పిల్లలకు తెలియదు.