మూడణాలు - పదునైదణాలు: లోక్‌సభలో ఒక లెక్క

ప్రభుత్వపక్షమువారు చేసిన పనులను చరిత్ర సులభముగా జ్ఞాపకముంచుకొనును. చట్టము వారి పేర నిలుచును; ఆనకట్టపై శిలాఫలకము వారి పేర వెలయును. ప్రతిపక్షమున కూర్చుండి మాటాడినవారికి శిలాఫలకములు లేవు. ఓట్ల లెక్కలో వారు ఓడిపోవుట తరచుగా ముందే తెలిసిన విషయము. అట్టివారి వలన దేశమునకు కలిగిన లాభమేమి? ఈ ప్రశ్నకు జవాబుగా 1963 లో లోక్‌సభలో జరిగిన ఒక వాదమును పాఠకుల ముందుంచుచున్నాను. అది అణాల లెక్క. కూటి కొరకు పుట్టిన ఊరు విడిచి, షోలాపురపు మగ్గముల వద్దకును బొంబాయి మిల్లుల వద్దకును వచ్చిన పెద్దల బిడ్డలమైన మనకు ఆ లెక్క పరాయిది కాదు.

ఆ వాదమును లేవదీసినవారు డాక్టరు రామమనోహర లోహియాగారు. 1910 మార్చి 23 న ఉత్తరప్రదేశములోని అక్బరుపూరున జన్మించిరి. బెర్లినులో చదివి డాక్టరు పట్టము పొందిరి. 1942 ఉద్యమములో అజ్ఞాతముగా పనిచేసి, 1944 లో పట్టుబడి లాహోరు కోటలో చిత్రహింసల ననుభవించిరి. 1946 జూన్ నెలలో గోవా వెళ్లి పోర్చుగీసువారి ఆంక్షలను ధిక్కరించిరి. తెలుగు దేశముతో ఆయనకు గట్టి సంబంధమే కలదు. 1955 చివర ఆయన నాయకత్వమున సోషలిస్టు పార్టీ వేరుగా ఏర్పడినది హైదరాబాదులోనే. ఆయన నడిపిన ‘మాన్‌కైండ్’ అను ఆంగ్ల మాసపత్రిక 1956 లో వెలువడ నారంభించినదియు ఆ నగరము నుండియే.

1962 సాధారణ ఎన్నికలలో లోహియాగారు ఫూల్‌పూరు నియోజకవర్గమున సాక్షాత్తు ప్రధానమంత్రి నెహ్రూగారిపై పోటీచేసి ఓడిపోయిరి. ఆ సంవత్సరము చివర చైనాతో యుద్ధము వచ్చినది. దేశమునకు కలిగిన పరాభవముతో ప్రజల మనస్సు కలతపడియుండెను. 1963 మే నెలలో జరిగిన ఉప ఎన్నికలలో ముగ్గురు ప్రతిపక్ష ప్రముఖులు గెలిచి లోక్‌సభకు వచ్చిరి. అమ్రోహా నుండి ఆచార్య కృపలానీ, రాజ్‌కోట నుండి మీనూ మసానీ, ఫరూఖాబాదు నుండి లోహియా. ఆగస్టులో కృపలానీగారు ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. స్వతంత్ర భారత లోక్‌సభలో చర్చకు వచ్చిన మొదటి అవిశ్వాస తీర్మానమది.

కొందరు యుద్ధమును గూర్చియు, కొందరు విదేశాంగ నీతిని గూర్చియు ప్రసంగించిరి. లోహియాగారు మాత్రము ఇంటి పొయ్యిని గూర్చి అడిగిరి. దేశములో 27 కోట్ల మంది రోజుకు తలకు 3 అణాలతో బ్రతుకుచున్నారనియు, ప్రధానమంత్రిపై మాత్రము రోజుకు 25,000 రూపాయలు ఖర్చగుచున్నవనియు ఆయన ఆరోపణ. 1961 జనాభా లెక్కల ప్రకారము దేశ జనసంఖ్య దాదాపు 44 కోట్లు. అనగా నూటికి 60 మందిని గూర్చిన మాట అది. 25,000 రూపాయలనగా 4 లక్షల అణాలు. మూడేసి అణాల చొప్పున అది లక్షా ముప్పది మూడు వేల మందికి ఒకనాటి జీవనము.

అణాను చూడని ఈనాటి పిల్లల కొరకు ఒక మాట. రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1 న నయాపైసలు వచ్చినవి గాని, చాలకాలము వరకు జనుల నోట అణాలే నిలిచినవి. 3 అణాలనగా ఇంచుమించు 19 నయాపైసలు. సంవత్సరమునకు లెక్కకట్టిన 68 రూపాయల 7 అణాలు. ఒక మనిషి తిండి, బట్ట, వైద్యము, పండుగ, చావు అన్నియు అందులోనే జరుగవలెను.

నెహ్రూగారు ఈ లెక్కను అంగీకరింపలేదు. 3 అణాలు కాదు, 15 అణాలు అనిరి. మాట అంతటితో ఆగిపోలేదు. అవిశ్వాస తీర్మానము ముగిసిన తరువాత, సెప్టెంబరు 6 న, ఈ లెక్కపైననే లోక్‌సభలో ప్రత్యేకముగా చర్చ జరిగినది. లోహియాగారు హిందీలోనే మాటాడిరి. కోట్లు, శాతములు అను మాటలకు బదులు సంతలో కూరగాయలమ్ము అవ్వకు కూడ తెలిసిన అణాలలో మాటాడుటచే, ఆ వాదము సభ గోడలు దాటి వీధిలోనికి వచ్చినది. ‘మూడణాలా, పదునైదణాలా’ అనునది దేశమంతట సామెత వలె ప్రాకినది.

ఇంతకు ఎవరి లెక్క నిజము? ఈ చిక్కును విప్పుటకు గొప్ప గణితము అవసరము లేదు. ఒక ఊరిలో 10 మంది కలరనుకొందము. ఒకరి రోజు రాబడి 7 రూపాయల 11 అణాలు. మిగిలిన 9 మందికి మూడేసి అణాలు. మొత్తము 150 అణాలు. పదిమందికి పంచిన తలకు 15 అణాలు వచ్చును! ఆ ఊరిలో సగటు రాబడి 15 అణాలనుట అబద్ధము కాదు. కాని ఆ ఊరిలో 15 అణాలు సంపాదించువాడు ఒక్కడును లేడు. నెహ్రూగారు చెప్పినది జాతీయాదాయమును జనసంఖ్యచే భాగింపగా వచ్చు సగటు. లోహియాగారు అడిగినది అడుగున ఉన్నవాని రాబడి. ఒకే దేశమును గూర్చి ఇద్దరు రెండు వేరు ప్రశ్నలకు సమాధానము చెప్పిరి. అయితే, ఆకలిగొన్నవానికి సంబంధించిన ప్రశ్న రెండవది.

చర్చలో ప్రభుత్వపక్షము అడుగువర్గముల రాబడి ఏడున్నర అణాలని మరియొక లెక్క చెప్పినది. నా దృష్టిలో ఆ వాదములో ముఖ్యమైన ఘట్టమిదియే. 15 అణాల నుండి ప్రభుత్వము తన నోటనే సగమునకు దిగివచ్చినది. అంతకు ఒక్క సంవత్సరము ముందు, 1962 లో, నిపుణుల బృందమొకటి 1960-61 ధరల ప్రకారము మనిషికి నెలకు 20 రూపాయలు కనీసావసరమని నిర్ణయించి యుండెను. చదువు, వైద్యము ఖర్చులు అందులో చేరలేదు. ఏడున్నర అణాల చొప్పున 30 రోజులకు వచ్చునది 14 రూపాయల 1 అణా మాత్రమే. అనగా లోహియాగారి లెక్కను త్రోసివేసి ప్రభుత్వపు లెక్కనే నమ్మినను, కోట్లాది జనులు కనీసావసరమునకు చాల దిగువననే ఉండిరి.

న్యాయముగా చెప్పవలసిన మాటలు మరి రెండు కలవు. నెహ్రూగారు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. ప్రణాళికల వలన పెరిగిన సంపద ఎవరి ఇండ్లకు చేరినదో తెలిసికొనుటకై 1960 లోనే మహలనోబిస్‌గారి అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడినది. దాని నివేదికలో మొదటి భాగము 1964 లో వచ్చినది. ఇక లోహియాగారి 3 అణాలు 27 కోట్ల మందికి వర్తింపజేయుట అతిశయమే యనిపించును. 1971 లో పూనాలోని గోఖలే సంస్థకు చెందిన దండేకర్, రథ్ పండితులు తమ గ్రంథములో 1960-61 నాటి పరిస్థితిని పరిశీలించిరి. గ్రామములలో నెలకు 15 రూపాయలు, పట్టణములలో ఇరువది రెండున్నర రూపాయలు కనీసముగా తీసికొని, పల్లెలలో నూటికి 40 మందియు పట్టణములలో నూటికి 50 మందియు దానికి దిగువన ఉన్నారని తేల్చిరి. రోజు లెక్కన ఆ గీతలు సుమారు 8 అణాలు, 12 అణాలు. అంకెలో లోహియాగారు తప్పియుండవచ్చును, ప్రశ్నలో తప్పలేదు.

అవిశ్వాస తీర్మానము వీగిపోయినది. అనుకూలముగా 62 ఓట్లు, వ్యతిరేకముగా 347. నెహ్రూగారు 1964 మే 27 న, లోహియాగారు 1967 అక్టోబరు 12 న కీర్తిశేషులైరి. కాని ‘దేశము ఎంత సంపాదించినది’ అని అడుగువారు ‘ఎవరికెంత ముట్టినది’ అని కూడ అడుగవలెనను పట్టుదల ఆ చర్చతో బలపడినది. ప్రతిపక్షముననున్నవాడు చట్టమును చేయలేకపోవచ్చును. ప్రభుత్వముచేత లెక్క చెప్పించగలడు. ప్రజాస్వామ్యములో అది చిన్న పని కాదు.

సంవత్సరాది నాడు పంచాంగ శ్రవణములో ఆదాయ వ్యయములు వినుట మన ఆచారము. మన సంఘములు కూడ ఏటేట తమ లెక్కలు చదువుకొనును. ఇందరు పిల్లలు పరీక్షలలో నెగ్గిరి, ఇంత చందా వసూలయినది అని సంతోషింతుము. సంతోషింపవలసినదే. దానితోపాటు బడి మానిన పిల్లవాడెవడు, ఇంటి అద్దె కట్టలేక ఈ పండుగకు రానివారెవరు అని కూడ ఒక్కమారు అడిగికొందము. ఆ పేర్లు సగటులో కనబడవు. ఎవరో ఒకరు లేచి అడిగిననే తెలియును. అట్లు అడుగువారిని ఆదరించు సంఘమునకు ఈ నూతన సంవత్సరము శుభప్రదమగుగాక.