ఉప్పునీటి చెరువుకు రిజిస్ట్రేషన్: తీరంలోని మన కుటుంబాలకు తెలియాల్సినవి

పులికాట్ నుంచి చిలికా దాకా తీరం వెంబడి స్థిరపడిన మనవాళ్లలో వేట మీద బతికేవారున్నారు, రొయ్యల చెరువులు వేసినవారున్నారు, పొలాన్ని చెరువుకు కౌలుకిచ్చి ఊరుకున్నవారూ ఉన్నారు. ఈ ముగ్గురి బతుకునూ తాకే చట్టం ఒకటుంది. అది 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం. దాని కింద ఏర్పడిన అథారిటీ చెన్నైలో ఉంది. తీరప్రాంతంలో ఉప్పునీటి పెంపకం చేయాలంటే, ఏ రాష్ట్రంవారైనా అక్కడ నమోదు కావాల్సిందే.

ఈ చట్టానికి ముందు ఒక తీర్పు వచ్చింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న, తీర నియంత్రణ మండలిలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులు తొలగించాలని చెప్పింది. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు చెరువులు వద్దన్నది. తొమ్మిదేళ్లకు పార్లమెంటు చేసిన చట్టం, నిషేధానికి బదులు రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. అంటే కోర్టు మూసిన తలుపును పార్లమెంటు సగం తెరిచిందని మా అభిప్రాయం.

‘తీరప్రాంతం’ అంటే సముద్రపు ఒడ్డు ఒక్కటే కాదు. సముద్రం, నదులు, కాలువలు, బ్యాక్‌వాటర్ల పోటు గీత నుంచి 2 కిలోమీటర్ల దాకా ఉన్న నేల అందులోకి వస్తుంది. చిలికా, పులికాట్ దగ్గర సరస్సు హద్దు నుంచే 2 కిలోమీటర్లు లెక్కిస్తారు. పోటు గీతకు 200 మీటర్ల లోపు కొత్త చెరువుకు అనుమతి లేదు. హేచరీల వంటి కొన్నిటికి మాత్రం 2023 సవరణ సడలింపు ఇచ్చింది. సాగుభూమిని, మడ అడవిని, ఉప్పు మళ్లను చెరువుగా మార్చకూడదని మార్గదర్శకాలు చెబుతాయి. తాగునీటి వనరుకు కనీసం 100 మీటర్ల ఎడం ఉండాలి. ఊళ్లో బావి ఉప్పెక్కిందని గొడవ వచ్చినప్పుడు ముందుగా అడగాల్సింది ఈ కొలతే.

దరఖాస్తు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళుతుంది. రిజిస్ట్రేషన్ గడువు 5 ఏళ్లు. 5 హెక్టార్లు దాటిన ఫారానికి, వదిలే నీటిని శుద్ధి చేసే ఏర్పాటు తప్పనిసరి. వనామీ రొయ్యకు విడిగా అనుమతి కావాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్ మందులు పూర్తిగా నిషిద్ధం. వాటి జాడ దొరికితే సరుకు విదేశాల నుంచి తిరిగి వస్తుంది, అప్పుడు ధర పడిపోయేది రైతుకే.

2005 చట్టంలో రిజిస్టర్ కాకుండా పెంచితే 3 ఏళ్ల దాకా జైలు ఉండేది. 2023 సవరణ జైలు తీసేసి జరిమానా పెట్టింది. అయినా కట్టడాలు తొలగించే అధికారం, పంట నాశనం చేయించే అధికారం అలాగే ఉన్నాయి. కౌలుకిచ్చిన మనవాళ్లు ఇక్కడే జాగ్రత్త పడాలి. కౌలుదారు రిజిస్ట్రేషన్ చేయించాడో లేదో కాగితం చూసి మరీ తెలుసుకోండి. చెరువు తవ్విన నేల మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది.

చిలికా కథ వేరు. అక్కడ సరస్సులోనే వెదురు, వలలతో కంచె కట్టి రొయ్యలు పెంచేవారు. వాటిని గేరీ అంటారు. కట్టినవారు చాలామంది బయటి పెట్టుబడిదారులు, చోటు కోల్పోయినవారు అక్కడి జాలర్లు. చిలికా మత్స్యకారుల్లో మన తెలుగు నోలియాలూ ఉన్నారు. 1999 మే నెలాఖరులో సోరనాలో జరిగిన పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. 2001లో ఒడిశా ప్రభుత్వం సరస్సులో రొయ్యల పెంపకాన్ని నిషేధించింది. ఆ తర్వాత కూడా గేరీల తొలగింపు పదేపదే చేపట్టాల్సి వచ్చింది.

ఆల్చిప్పలు, గుల్లల సంగతికి వస్తే, పెంపకం వేరు, ఏరుకోవడం వేరు. 2023 సవరణతో ఆల్చిప్పలు, సముద్రపు నాచు పెంపకం కూడా చట్టం కిందికి వచ్చింది. నీటి అడుగున సహజంగా పెరిగినవి ఏరడం రాష్ట్ర మత్స్యశాఖ నిబంధనల కిందిది. అది పక్షుల అభయారణ్యం అయితే 1972 వన్యప్రాణి చట్టం కూడా అడ్డొస్తుంది. పులికాట్‌లో రెండు రాష్ట్రాల వైపూ అభయారణ్యం ఉంది. అక్కడి జాలర్లు వేట చోట్లను వంతులవారీగా పంచుకునే ‘పాడు’ కట్టుబాటు పాతదే, కానీ అది ప్రభుత్వ అనుమతి కాదు.

యానాంవారికి ఒక మాట. గోదావరి ఒకటే అయినా పాలన పుదుచ్చేరిది. ఆంధ్రప్రదేశ్ 2020లో చేసిన ఆక్వా చట్టం యానాంలో చెల్లదు. కేంద్ర చట్టం మాత్రం రెండు వైపులా చెల్లుతుంది. చెరువు హద్దు దాటి కాకినాడ, కోనసీమ జిల్లాల్లో ఉంటే, ఆ చెరువు కాగితం అక్కడిదే కావాలి.