తేడా ఉందా? ఉంటే ఎంత?

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పంటల ప్రయోగాల లెక్కలు చూసిన రోనాల్డ్ ఫిషర్, 1925లో పరిశోధకుల కోసం ఒక పుస్తకం రాశాడు. ఎరువు వేసిన మడికీ వేయని మడికీ దిగుబడిలో తేడా కనిపించిందనుకోండి. ఎరువు ప్రభావమే లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకు మించి గానీ కాకతాళీయంగా కనబడే అవకాశం ఎంత? ఆ సంఖ్యే పి-విలువ. అది 0.05 కంటే, అంటే ఇరవైలో ఒకటి కంటే తగ్గితే ఫలితాన్ని పట్టించుకోవచ్చన్నాడు. వీలు కోసం గీసిన ఆ గీత రానురాను శాసనమైంది.

1934లో పోలండు నుంచి వచ్చిన యెజీ నేమన్, లండన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో నమూనా సర్వేల మీద పత్రం చదివాడు. అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండవచ్చో చెప్పే పద్ధతి అందులో ఉంది. సర్వే మళ్లీ మళ్లీ చేసి ప్రతిసారీ హద్దులు కడితే, నూటికి 95 సార్లు అసలు విలువ వాటి మధ్య చిక్కాలి. అదే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. ఇది నమ్మించి బోల్తా కొట్టించే ఎత్తేమోనని సభలో ఆర్థర్ బౌలీ అనుమానపడ్డాడు. నేమన్ వెనక్కి తగ్గలేదు. 1937లో పూర్తి సిద్ధాంతం ప్రచురించాడు.

అయినా వైద్య పత్రికల్లో పి-విలువదే రాజ్యం. 1986లో మార్టిన్ గార్డ్‌నర్, డగ్లస్ ఆల్ట్‌మన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, దాని బదులు ఇంటర్వల్ ఇవ్వమని వాదించారు.

ఎందుకో చూడండి. రెండు ప్రయోగాల్లోనూ ఒక మందు రక్తపోటును సగటున 6 పాయింట్లు తగ్గించిందనుకుందాం. మొదటిదాని ఇంటర్వల్ 1 నుంచి 11, పి-విలువ 0.02. రెండోది కాస్త చిన్న ప్రయోగం; ఇంటర్వల్ −0.3 నుంచి 12.3, పి-విలువ 0.06. గీత పట్టుకు వేలాడేవాళ్లు మొదటి ప్రయోగంలో మందు పాసు, రెండోదాంట్లో ఫెయిలు అంటారు. ఇంటర్వల్ చూస్తే రెండూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి.

2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్, ఒక్క పి-విలువ గీత దాటిందని నిర్ణయాలు చేయొద్దని ప్రకటించింది. 2019లో 800 మందికి పైగా శాస్త్రజ్ఞులు ‘నేచర్’లో వచ్చిన అలాంటి పిలుపునకే సంతకాలు చేశారు.

అయితే ఇంటర్వల్‌లో సున్నా (అంటే ప్రభావమే లేదన్న విలువ) ఉందా లేదా అని మాత్రమే చూస్తే మళ్లీ పాత గీతే. ఏదైనా మందు ‘పనిచేస్తుందని తేలింది’ అన్న వార్త చదివితే, ఎంత పనిచేస్తుంది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడగండి.